బరువు పెంచితే పెరిగేది బిగింపే
పురుషాంగానికి బరువులు వేలాడదీయడం: ప్రమాదాలు, జాగ్రత్తలు



ఈ పాఠం పేరు చూసి కొందరు సిగ్గుపడి పేజీ తిప్పేయవచ్చు. దయచేసి తిప్పకండి. షుగరు గురించి, బి.పి. గురించి, పాముకాటు గురించి మనం మాట్లాడుకున్నట్టే ఈ విషయం కూడా మాట్లాడుకోవాలి. ఇందులో గాయం చేసే నష్టం కంటే, సిగ్గుతో ఆసుపత్రికి ఆలస్యంగా రావడం వల్ల జరిగే నష్టమే చాలాసార్లు పెద్దది.

అంగం పొడవు పెరగాలని దానికి తాడో, రింగో, క్లిప్పో బిగించి బరువు వేలాడదీసేవారు ప్రపంచమంతటా ఉన్నారు. వారంవారం కొంచెం కొంచెంగా బరువు పెంచుకుంటూ పోతే ప్రమాదం లేదని వారు నమ్ముతారు. "సురక్షితంగా పెంచుకునే పద్ధతి ఏదైనా ఉందా?" అన్నదే వారి ప్రశ్న. ఈ పాఠంలో ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుకుందాం. ఇప్పటికే ఈ పని చేస్తున్నవారు ఏం చేయాలో కూడా తెలుసుకుందాం.

ఈ ఆలోచన ఎక్కడినుండి వస్తుంది?

మార్కాపురం అయినా, గిద్దలూరు అయినా, కంభం అయినా, యర్రగొండపాలెం అయినా, మగపిల్లలకు శరీరం గురించి పెద్దలు చెప్పేది చాలా తక్కువ. ఆ ఖాళీని గోడల మీద రాతలు, లాడ్జిలో గది తీసుకుని కూర్చునే "గుప్త రోగాల" వైద్యులు నింపుతూ వచ్చారు. ఇప్పుడు సెల్‌ఫోను వచ్చింది. పనికోసం హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్ళి ఒంటరిగా గదుల్లో ఉండే యువకులు రాత్రిపూట ఫోనులో చూసేవాటిని నిజమనుకుంటారు. కెమెరా కోణం, మందులు, ఏరికోరి తెచ్చిన మనుషులు కలిసి తయారుచేసిన ఆ దృశ్యాలతో తమను పోల్చుకుని, "నాలో ఏదో లోపం ఉంది" అని బాధపడతారు.

కొందరు మరో ఉదాహరణ చెబుతారు. "కుంభమేళాలో కొందరు సాధువులు అంగంతో బరువులు ఎత్తుతారు కదా, వాళ్ళకేమీ కాలేదు కదా?" అంటారు. వారు ఆ పని చేసేది కామాన్ని అణచుకోవడానికి, బ్రహ్మచర్యాన్ని చాటుకోవడానికి. దాంపత్య జీవితం కావాలనుకునేవాడు, దాన్ని వదులుకున్నవారి సాధనను తన వైద్యంగా ఎంచుకోవచ్చా? మీరే ఆలోచించండి.

ముందుగా కొలతల సంగతి

2015లో ఇంగ్లండు పరిశోధకులు వివిధ దేశాలలో 15,521 మంది పురుషులకు వైద్య సిబ్బంది స్వయంగా తీసిన కొలతలను ఒకచోట చేర్చి ప్రచురించారు. మామూలు స్థితిలో సగటు పొడవు సుమారు 9 సెంటీమీటర్లు. స్తంభించినప్పుడు సగటు సుమారు 13 సెంటీమీటర్లు, అంటే 5 అంగుళాల పైచిలుకు. సగటు అంటే సగం మందికి కాస్త అటూ, సగం మందికి కాస్త ఇటూ ఉంటుంది. తక్కువ ఉన్నవారందరూ రోగులు కారు.

వైద్యపరంగా "చాలా చిన్నది" అని చెప్పాలంటే పెద్దవారిలో మెల్లగా సాగదీసి కొలిచినప్పుడు సుమారు 7.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉండాలి. ఇది అరుదు. దీనికి తరచుగా పుట్టుకతో వచ్చిన హార్మోను లోపాలు కారణమవుతాయి. అటువంటివారికి కావలసింది వైద్య పరీక్ష. బరువుతో వారికి ఏ మేలూ జరగదు.

ఎవరి అంగాన్ని వారు పైనుండి చూసుకుంటారు కాబట్టి ఉన్నదానికంటే పొట్టిగా కనిపిస్తుంది. పొట్ట కింద కొవ్వు పెరిగినవారిలో మొదటి భాగం ఆ కొవ్వులో కప్పబడిపోతుంది. ఇటువంటివారు బరువు తగ్గితే చాలు, కప్పబడిన భాగం బయటికి కనిపిస్తుంది. చలికి, భయానికి, ఆందోళనకు కూడా అంగం ముడుచుకుంటుంది. ఇవన్నీ మామూలు విషయాలే.

పదిహేను, పదహారేళ్ళ పిల్లలకు ఒక ప్రత్యేకమైన మాట. యవ్వన దశలో ఒక్కొక్కరి ఎదుగుదల ఒక్కొక్క వయసులో మొదలవుతుంది. పద్దెనిమిదేళ్ళు దాటేవరకు కూడా కొందరిలో మార్పు జరుగుతూనే ఉంటుంది. తోటివాడితో పోల్చుకుని తొందరపడవద్దు.

అవయవ నిర్మాణం

పురుషాంగం లోపల స్పాంజి వంటి మూడు గొట్టాలు ఉంటాయి. పైన రెండు, కింద ఒకటి. కింది గొట్టం మధ్యగా మూత్రనాళం వెళుతుంది. పై రెండింటి చుట్టూ గట్టి నారపొర ఒకటి ఉంటుంది. రక్తం నిండినప్పుడు ఈ పొర బిగుసుకుని గట్టిదనాన్ని నిలబెడుతుంది. పైభాగంలో చర్మం కింద రక్తనాళాలు, స్పర్శ తెలిపే నరాలు ఉంటాయి. అంగం మొదలు ఎముకకు ఒక బంధనంతో అతికి ఉంటుంది. మొత్తం పొడవులో చాలా భాగం శరీరం లోపలే ఉంటుంది.

ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. బయటికి కనిపించే అంగంలో చేతి కండ వంటి కండరం లేదు. వ్యాయామశాలలో డంబెల్ బరువు కొంచెం కొంచెం పెంచితే చేతి కండ పెరుగుతుంది. ఎందుకంటే కండరం తనను తాను సరిచేసుకుంటూ లావెక్కే గుణం కలది. అంగంలోని నారపొరకు ఆ గుణం లేదు. దానికి గాయమైతే అది మచ్చకట్టి మానుతుంది. మచ్చ సాగదు. మన మార్కాపురం పలకరాయి పని తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఉలి దెబ్బ తప్పిన పలకను తిరిగి అతికించడం ఎవరి వల్లా కాదు. కాబట్టి "రోజూ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పో" అనే జిమ్ము సూత్రం ఇక్కడ పనిచేయదు.

బరువు పెంచితే ఏం జరుగుతుంది?

అంగానికి బరువు కట్టాలంటే అది జారిపోకుండా ఏదో ఒకటి చుట్టూ బిగించాలి. అర కిలో కడితే కొంత బిగింపు కావాలి. కిలో కడితే మరింత బిగించాలి. రెండు కిలోలకు ఇంకా బిగించాలి. అంటే బరువు పెంచిన ప్రతిసారీ మెడకు ఉరి బిగించినట్టు అంగానికి బిగింపు పెంచుతున్నామన్నమాట. ఈ పద్ధతిలోని అసలు ప్రమాదం ఇదే.

శరీరంలోని సన్నని రక్తనాళాలలో ఒత్తిడి చాలా తక్కువ. ఒక చదరపు సెంటీమీటరు చర్మం మీద సుమారు 40 గ్రాముల బరువంత ఒత్తిడి ఎడతెగకుండా పడితే చాలు, అక్కడి సన్నని నాళాలు మూతపడసాగుతాయి. మంచం మీద కదలకుండా పడి ఉన్న రోగికి వీపు మీద పుండ్లు పడేది ఈ కారణం వల్లనే. కిలోల బరువును పట్టి ఉంచే తాడు కింద ఒత్తిడి ఎంత ఉంటుందో ఊహించుకోండి.

బిగింపు వల్ల జరిగేది ఒక వరుసలో జరుగుతుంది. సిరల గోడలు మెత్తన కాబట్టి అవి ముందుగా మూతపడతాయి. ధమనులు గట్టివి కాబట్టి కొంతసేపు తెరిచే ఉంటాయి. అంటే రక్తం లోపలికి వస్తుంది, బయటికి పోదు. అంగం తల భాగం ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ అదే బిగింపు మరింత బిగుసుకుంటుంది. చివరికి వచ్చే రక్తం కూడా ఆగిపోతుంది. అప్పుడు కండ చచ్చిపోవడం మొదలవుతుంది.

నల్లమల అంచు ఊళ్ళలో పాము కరిచినప్పుడు కొందరు కాలికి తాడు బలంగా బిగించి కడతారు. ఆ కట్టు వల్ల కాలు పోయే ప్రమాదం ఉందని, కట్టవద్దని డాక్టర్లు చెబుతారు. అక్కడ కాలికి వర్తించే నియమమే ఇక్కడా వర్తిస్తుంది. పైగా అంగం కాలికంటే ఎంతో సున్నితమైనది.

మరొక సంగతి. వేలాడే బరువు నిలకడగా ఉండదు. నడిచినా, లేచినా, తుమ్మినా ఊగుతుంది. ఊగిన బరువు కుదుపుతో లాగినప్పుడు, నిశ్చలంగా ఉన్నప్పటికంటే ఎక్కువ బలం పడుతుంది. మీరు కట్టింది కిలో అయినా ఆ క్షణాన పడే లాగుడు కిలో కంటే ఎక్కువే.

"నాకు నొప్పి లేదు కదా?"

చాలామంది చెప్పే మాట ఇది. "నొప్పి వస్తే ఆపేస్తాను, రాకపోతే పెంచుతాను" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నొప్పిని మోసుకువెళ్ళేవి నరాలు. ఆ నరాలే బిగింపు కింద నలుగుతున్నాయి. నలిగిన నరం మొదట తిమ్మిరెక్కుతుంది, తరువాత మొద్దుబారుతుంది. అప్పుడు నొప్పి తెలియదు. కాపలా కుక్కకు మత్తుమందు పెట్టి, "మా ఇంట్లో అరుపు లేదు, దొంగ రాలేదు" అనుకున్నట్టు ఉంటుంది.

కుష్ఠువ్యాధి గురించి మీరు ఇంతకుముందు వినే ఉంటారు. ఆ రోగులకు వేళ్ళు పోవడానికి ముఖ్య కారణం స్పర్శ లేకపోవడమే. కాలినా, కోసుకున్నా వారికి తెలియదు. స్పర్శ పోయిన అవయవం తనను తాను కాపాడుకోలేదు. కాబట్టి ఈ విషయంలో నొప్పి పోవడాన్ని అలవాటు పడినట్టుగా భావించవద్దు. తిమ్మిరిని హెచ్చరికగా తీసుకోండి.

ఎటువంటి గాయాలు కలుగుతాయి?

1. చర్మం కింద ఎర్రటి చుక్కలు, కమిలిన మచ్చలు, నీటిబొబ్బలు. ఇవి సన్నని నాళాలు చిట్లినందుకు గుర్తు. చాలామంది వీటిని పట్టించుకోరు.

2. తల భాగం చల్లబడటం, నీలంగా మారడం, తిమ్మిరి. స్పర్శ కొన్ని వారాలపాటు, కొందరిలో శాశ్వతంగా తగ్గిపోవచ్చు.

3. పైభాగంలో తాడులా గట్టిగా చేతికి తగలడం. ఇది సిరలో రక్తం గడ్డకట్టినందువల్ల వస్తుంది. చాలామందిలో విశ్రాంతితో కొన్ని వారాలలో తగ్గుతుంది. అయితే డాక్టరుకు చూపించుకోవాలి.

4. నారపొరలో మచ్చకట్టి, స్తంభించినప్పుడు అంగం ఒకవైపు వంగడం, నొప్పి రావడం. పొడవు కావాలని మొదలుపెట్టినవారికి ఉన్న పొడవే తగ్గే పరిస్థితి ఇది.

5. స్తంభన బలహీనపడటం. రక్తనాళాలు, నరాలు దెబ్బతిన్నప్పుడు ఇలా జరుగుతుంది.

6. బిగింపు ఊడిరాక అంగం ఉబ్బిపోవడం. ఇది అత్యవసర పరిస్థితి. 1991లో మన దేశానికి చెందిన శస్త్రవైద్యులు ఇటువంటి గాయాలను 5 స్థాయిలుగా విభజించారు. మొదటి స్థాయిలో వాపు మాత్రమే ఉంటుంది. ఆ తరువాత చర్మం తెగడం, స్పర్శ తగ్గడం, మూత్రనాళానికి గాయం కావడం, మూత్రం పక్కనుండి కారేలా రంధ్రం పడటం వరుసగా వస్తాయి. అయిదవ స్థాయి అంటే కండ కుళ్ళిపోవడం లేదా అంగం తెగిపోవడం. మొదటి స్థాయిలో వచ్చినవారు బిగింపు తీయగానే సాధారణంగా కోలుకుంటారు. ఆ స్థాయి నుండి కింది స్థాయికి దిగజార్చేది కాలమే.

ఆసుపత్రిలో వాడే పరికరం సంగతి ఏమిటి?

"డాక్టర్లు కూడా సాగదీసే పరికరం వాడతారట కదా" అని కొందరు అడుగుతారు. నిజమే. అంగం వంగే వ్యాధి ఉన్నవారికి, కొన్ని ఆపరేషన్ల ముందూ తరువాతా మూత్రవ్యాధుల నిపుణులు ఇటువంటి పరికరాన్ని సూచిస్తారు. దానికీ వేలాడే బరువుకూ తేడా తెలుసుకోండి.

ఆ పరికరాలలో లాగుడు గ్రాములలో ఉంటుంది. ఒక రకం పరికరంలో అది సుమారు 600 నుండి 1,500 గ్రాముల మధ్య ఉంటుంది. లాగేది స్ప్రింగు కాబట్టి కుదుపు ఉండదు. పట్టు వెడల్పాటి మెత్తని పట్టీతో ఉంటుంది. మధ్యమధ్య తీసి రక్తప్రసరణ చూసుకోవాలి. డాక్టరు పరీక్షిస్తూ ఉంటారు. పాత పద్ధతులలో రోజుకు కొన్ని గంటల చొప్పున నెలల తరబడి పెట్టుకోవలసి వచ్చేది.

ఇంత శ్రమపడ్డాక చిన్న చిన్న అధ్యయనాలలో కనిపించిన లాభం సగటున ఒకటి, రెండు సెంటీమీటర్లు. మధ్యలో మానేసినవారూ ఉన్నారు. లావు పెరిగిందని నమ్మకంగా చెప్పలేము. ఇక కొవ్వు ఎక్కించడం, బంధనం కోయడం వంటి ఆపరేషన్లు సురక్షితమని గాని, ఫలితమిస్తాయని గాని రుజువు కాలేదని అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ ప్రకటించింది.

మరి వేలాడే బరువుకు "ఇంత వరకు క్షేమం, ఇన్ని వారాలకు ఇంత పెంచవచ్చు" అని వైద్యశాస్త్రం ఒప్పుకున్న పట్టిక ఉందా? లేదు. ఎవరైనా మీకు అటువంటి పట్టిక చూపిస్తే అది వారి సొంత ఊహ. ఈ పాఠం మొదట్లో అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇదే: బరువు పెంచుకుంటూ పోవడానికి సురక్షితమైన పద్ధతి లేదు.

ఇప్పటికే చేస్తున్నవారు ఏం చేయాలి?

మిమ్మల్ని తిట్టడానికి ఈ మాటలు రాయడం లేదు. ముందు ఆపండి. ఆపితే వెనక్కి పోతామేమో అని భయపడవద్దు. ఎర్రదనం, కొద్దిపాటి వాపు మాత్రమే ఉంటే కొన్ని రోజులలో తగ్గుతుంది. ఆ రోజులలో సంభోగానికి, హస్తప్రయోగానికి దూరంగా ఉండండి. వేడినీటి కాపడం, నూనెతో గట్టిగా మర్దనా చేయకండి. తిమ్మిరి గాని, రంగు మార్పు గాని ఒక రోజు దాటి ఉంటే డాక్టరును కలవండి. పుండు, చీము, మూత్రంలో రక్తం, కొత్తగా వంకర కనిపిస్తే ఆలస్యం చేయకండి.

ఇంత చెప్పినా వెంటనే మానలేనివారు కొందరు ఉంటారని మాకు తెలుసు. వారు కనీసం ఈ హద్దులు దాటవద్దు.

దారం, వైరు, రబ్బరుబ్యాండు, ఇనుప నట్టు, బేరింగు, ఉంగరం, పైపుముక్క ఎన్నడూ వాడవద్దు. సన్నని దారం కోస్తుంది. లోహపు రింగు ఉబ్బిన తరువాత ఊడిరాదు.

బిగింపుతో నిద్రపోవద్దు. మద్యం తాగి ఈ పని చేయవద్దు. మత్తులో నిద్రపట్టి గంటలు గడిచిపోవచ్చు.

స్తంభించి ఉన్నప్పుడు లాగవద్దు, వంచవద్దు. ఆ స్థితిలో నారపొర పలుచబడి బిగుసుకుని ఉంటుంది, చిట్లవచ్చు.

నొప్పి మాత్రలు మింగి గాని, మొద్దుబార్చే స్ప్రే, ఆయింటుమెంటు రాసుకుని గాని చేయవద్దు. మీకున్న ఒకే ఒక్క హెచ్చరికను మీరే ఆపివేసుకున్నట్టవుతుంది.

షుగరు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, అంగం మీద పుండు లేదా ఇన్ఫెక్షను ఉన్నవారు, ఇదివరకే వంకర వచ్చినవారు అసలు ముట్టుకోవద్దు. షుగరు రోగులకు స్పర్శ ముందే తగ్గి ఉండవచ్చు. పుండు త్వరగా మానదు.

తల భాగం చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఆ క్షణమే తీసేయండి. "ఇంకో అయిదు నిమిషాలు" అనవద్దు.

అత్యవసర పరిస్థితిలో

రింగు లేదా తాడు ఊడిరాకపోతే: కంగారుపడకండి. బరువు ఉంటే ముందు దాన్ని చేత్తో ఎత్తిపట్టి, విప్పండి. వెల్లకిలా పడుకుని అంగాన్ని పైకి ఆనించి ఉంచండి. శుభ్రమైన గుడ్డలో చుట్టిన ఐసు కొద్ది నిమిషాలు పెట్టవచ్చు. ఐసును నేరుగా చర్మం మీద పెట్టకండి. సబ్బునీరు లేదా కొబ్బరినూనె రాసి ఒకసారి మెల్లగా ప్రయత్నించండి. రాకపోతే ఆపి ఆసుపత్రికి బయలుదేరండి. ఇంట్లో ఆకురాయి, హాక్సాబ్లేడు, కత్తితో కోయవద్దు. వెల్డింగు షాపుకు వెళ్ళవద్దు. వాపును సూదితో పొడవవద్దు. ఆసుపత్రిలో దారం చుట్టి వాపు తగ్గించే పద్ధతి, రింగు కత్తిరించే పరికరాలు, మత్తుమందు ఉంటాయి.

"టప్" మని శబ్దం వచ్చి, స్తంభన ఒక్కసారిగా తగ్గి, అంగం వంకాయ రంగులో ఉబ్బితే: నారపొర చిట్లిందని అర్థం. అదే రోజు ఆసుపత్రిలో ఉండాలి. త్వరగా ఆపరేషను చేస్తే మంచి ఫలితం ఉంటుంది.

ఏదైనా మందు వాడాక స్తంభన 4 గంటలు దాటినా తగ్గకపోతే: అది మగతనానికి గుర్తు కాదు. లోపల రక్తం నిలిచిపోయి పాడవుతోంది. వెంటనే వెళ్ళండి.

మూత్రం రాకపోయినా, రక్తం కారినా, తల భాగం నల్లబడినా ఇంటి దగ్గర ఉండవద్దు.

దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి గాని, మీకు నమ్మకమైన ఆసుపత్రికి గాని ముందు చేరండి. 108కు ఫోను చేయండి. బిగింపు తీసే పని చాలావరకు అక్కడే జరుగుతుంది. మూత్రవ్యాధుల నిపుణుడు అవసరమైతే గుంటూరు, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో ఆ విభాగాలు ఉన్నాయి. గిద్దలూరు వైపువారికి కర్నూలు, మార్కాపురం వైపువారికి గుంటూరు అనుకూలం. కానీ ఒక మాట: బిగింపు ఉండగా దూరపు ఆసుపత్రి కోసం బస్సులో గంటలకొద్దీ ప్రయాణం చేయవద్దు. ముందు దగ్గరలో దాన్ని తీయించుకోండి, తరువాత ప్రయాణం.

డాక్టరుతో నిజం చెప్పండి. ఏది కట్టారు, ఎంతసేపయింది, చివరిసారి మూత్రం ఎప్పుడు వచ్చింది, షుగరు ఉందా, ఏ మందులు వాడారు. ఈ అయిదు విషయాలు చాలు. "తలుపు తగిలింది, ఎద్దు తన్నింది" అని కథ చెబితే చికిత్స దారి తప్పుతుంది. మీరు చెప్పినది రహస్యంగా ఉంచడం డాక్టరు, నర్సుల వృత్తి ధర్మం. మీ ఊరివారు ఎవరైనా పక్కన ఉంటే, "ఒంటరిగా మాట్లాడాలండీ" అని అడగండి. అది మీ హక్కు.

అసలు సమస్య ఏమిటి?

పొడవు తక్కువని వచ్చేవారిలో చాలామందికి అంగం మామూలుగానే ఉంటుంది. వారి బాధ వేరే ఉంటుంది. కొందరికి పెళ్ళి దగ్గరపడిందన్న భయం. కొందరికి స్తంభన సరిగా లేదన్న దిగులు. కొందరికి భార్యతో మాట కలవని బాధ.

స్తంభన తగ్గితే పొడవు గురించి కాదు, రక్తనాళాల గురించి ఆలోచించాలి. షుగరు, బి.పి., గుండెజబ్బు రాబోతున్నాయని చెప్పే మొదటి సూచన కొందరిలో ఇదే. పొగాకు పండే జిల్లా మనది. బీడీ, సిగరెట్టు, గుట్కా, ఖైనీ ఏ రూపంలో తీసుకున్నా పొగాకు రక్తనాళాలను సన్నబరుస్తుంది. మద్యం నరాలను మొద్దుబారుస్తుంది. షుగరు పరీక్ష చేయించుకోవడం, పొగాకు మానడం, రోజూ అరగంట నడవడం, ఈ మూడూ మగవాడికి ఏ బరువూ ఇవ్వలేని మేలు చేస్తాయి.

స్త్రీ శరీరంలో స్పర్శ ఎక్కువగా ఉండేది యోని ముందు భాగంలోనే. కాబట్టి దాంపత్య సుఖం పొడవును బట్టి ఉండదు. ప్రేమగా మాట్లాడటం, తొందరపడకపోవడం, ఒకరి ఇష్టం ఒకరు తెలుసుకోవడం వల్ల అది కలుగుతుంది.

అద్దం ముందు రోజుకు పదిసార్లు చూసుకోవడం, పనిమీద మనసు నిలవకపోవడం, పెళ్ళి వద్దనుకోవడం, బ్రతకడం ఎందుకనిపించడం వంటివి ఉంటే అది మనసుకు వచ్చిన జబ్బు. దానికి మంచి చికిత్స ఉంది. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రకటనల గురించి చట్టం ఏమంటుంది?

1954 నాటి మందులు, మాయాచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ప్రకారం లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటన ఇవ్వడం నేరం. మొదటిసారి నేరం రుజువైతే 6 నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ ఉంటాయి. మళ్ళీ చేస్తే ఏడాది వరకు జైలు. అంతేకాదు, 1945 నాటి మందుల నియమాలలో, ఏ మందూ నయం చేస్తానని చెప్పుకోకూడని వాటి జాబితా ఒకటి ఉంది. జననాంగం పరిమాణాన్ని, ఆకారాన్ని మెరుగుపరచడం ఆ జాబితాలో ఉంది. కాబట్టి "పొడవు గ్యారంటీ" అని రాసిన సీసా మీద ఆ రాత రాయడమే నియమాలకు విరుద్ధం. వేలకు వేలు పోసి దాన్ని కొనకండి.

ఇంట్లోవారికి ఒక మాట

అమ్మా, మీ భర్త గాని, కొడుకు గాని ఇటువంటి గాయంతో బాధపడుతున్నాడని తెలిస్తే నవ్వకండి, కోప్పడకండి, పదిమందికి చెప్పకండి. "పద, ఆసుపత్రికి పోదాం" అన్న ఒక్క మాట చాలు. అయ్యా, మీ అబ్బాయి గదిలో తలుపు వేసుకుని నొప్పితో మూలుగుతూ ఏమీ చెప్పకపోతే, "ఏం జరిగినా ఫర్వాలేదు నాయనా, ముందు చూపించుకుందాం" అనండి. స్నేహితులారా, "ఏరా, ఎంతవరకు వచ్చింది?" అని ఎగతాళి చేసే బదులు ఈ పుస్తకం అతని చేతిలో పెట్టండి.

గుర్తుపెట్టుకోవలసిన విషయాలు

1. స్తంభించినప్పుడు సగటు పొడవు సుమారు 13 సెంటీమీటర్లు. అంతకంటే కొంచెం తక్కువ ఉండటం జబ్బు కాదు.

2. అంగం చేతికండ వంటిది కాదు. బరువుతో అది పెరగదు, గాయపడుతుంది.

3. బరువు పెంచితే బిగింపు పెరుగుతుంది. బిగింపు పెరిగితే రక్తం ఆగుతుంది.

4. నొప్పి లేకపోవడం క్షేమానికి గుర్తు కాదు. తిమ్మిరి ప్రమాదానికి గుర్తు.

5. ఊడిరాని రింగు, ఉన్నట్టుండి వచ్చిన వాపు, 4 గంటలు దాటిన స్తంభన: ఈ మూడింటికీ వెంటనే ఆసుపత్రి.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

బిగింపు వల్ల ముందుగా మూతపడేవి సిరలా, ధమనులా? తిమ్మిరెక్కిన తరువాత నొప్పి ఎందుకు తెలియదు? రింగు ఊడిరాకపోతే ఇంటి దగ్గర ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు? డాక్టరుకు చెప్పవలసిన అయిదు విషయాలు ఏవి? జవాబులు ఈ పాఠంలోనే ఉన్నాయి. మరొకసారి చదవండి, చదివాక ఇంట్లో ఎదిగిన పిల్లల చేతికి అందే చోట ఈ పుస్తకాన్ని ఉంచండి.